ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెప్పడానికి ఏ సామగ్రి కావాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కి గెస్ట్ ఇన్‌స్ట్రక్టర్‌గా ఈ మధ్యే చేరారు. క్లాసులో 20 మంది, ఎక్కువమంది తెలుగు మీడియంలో పది పాసై వచ్చినవాళ్లు. ల్యాబ్‌లో సగం మోటార్లు తిరగవు, వైరుకి ఇండెంటు పెడితే ఎప్పుడొస్తుందో తెలీదు, పుస్తకం చదివి వినిపిస్తుంటే పిల్లలు కునుకు తీస్తున్నారు. ఏ పుస్తకాలు, ఏ వీడియోలు, ఏ చార్టులు వాడాలో చెప్పమన్నారు.

నేను ఇదే ట్రేడ్ 22 ఏళ్లుగా చెబుతున్నాను. పుస్తకాలూ వీడియోలూ సులువుగానే దొరుకుతాయి, వాటి సంగతి చివర్లో రాస్తాను. దొరకనిది, మీరే తయారుచేసుకోవాల్సింది వేరే ఉంది. పిల్లాడి చేతిలోకి ముందు వస్తువు రావాలి. దాంతో వాడికి ఒక ప్రశ్న పుట్టాలి. ఆ తర్వాతే పుస్తకం తెరవాలి. నేను మొదటి నాలుగేళ్లూ దీన్ని తిరగేసి చేశాను. ముందు నోట్సు చెప్పి రాయించేవాణ్ని, తర్వాత బోర్డు మీద బొమ్మ గీసేవాణ్ని, ప్రాక్టికల్ గంటలో ఆ బొమ్మలాగే కనెక్షన్ ఇప్పించేవాణ్ని. మార్కులు బాగానే వచ్చేవి.

ఒకరోజు మంచి మార్కులతో పాసైన కుర్రాడొకడు ఫోన్ చేశాడు. 'సార్, మా పెదనాన్న ఇంట్లో సాకెట్‌ రెండు బెజ్జాల్లోనూ టెస్టర్ వెలుగుతోంది. రెండు ఫేజులొస్తున్నాయి. మీటరు దగ్గర తేడా అనుకుంటా' అన్నాడు. అప్పటికే రెండు స్విచ్ బోర్డులు విప్పేశాడట. అక్కడ జరిగిందల్లా న్యూట్రల్ వైరు (కరెంటు తిరిగెళ్లే వైరు) స్క్రూ కింద నుంచి ఊడిరావడమే. న్యూట్రల్ అంటే ఏమిటో పరీక్షలో ఆ కుర్రాడు తప్పులేకుండా రాశాడు. న్యూట్రల్ పోతే ఇల్లు ఎలా ప్రవర్తిస్తుందో నేను ఎన్నడూ చూపించలేదు. తప్పు వాడిది కాదు.

ఆ వారమే ఒక ఫాల్ట్ బోర్డు కట్టాను. మీరు ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ప్లైవుడ్ ముక్క చాలు. ముందు వైపు మామూలు ఇంటి వైరింగే: ఎంసీబీ (లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్), రెండు బల్బు హోల్డర్లు, మెట్ల దగ్గర వాడే టూ-వే స్విచ్‌లు రెండు, ఒక వన్-వే స్విచ్, 6 ఆంపియర్ల సాకెట్, ఒక కాలింగ్ బెల్. వెనక వైపు ఐదారు స్విచ్‌లు పెట్టి, వాటిమీద తలుపు బిగించి తాళం వేయండి. వెనక ఒక్కో స్విచ్ మారిస్తే ముందు వైపు ఒక్కో ఫాల్ట్ పుడుతుంది. తాళంచెవి మీ దగ్గరే ఉండాలి.

మొదటి ఫాల్ట్ న్యూట్రల్ తెగడం. బల్బు స్విచ్ వేసే ఉంచి, వెనక నుంచి న్యూట్రల్ తీసేయండి. బల్బు ఆరిపోతుంది. టెస్టర్ పెడితే సాకెట్ రెండు బెజ్జాల్లోనూ వెలుగుతుంది. క్లాసంతా 'రెండు ఫేజులు' అంటుంది. అననివ్వండి, దిద్దకండి. మల్టీమీటరు ఇచ్చి రెండు బెజ్జాల మధ్య కొలవమనండి. దాదాపు సున్నా వస్తుంది. రెండు వేర్వేరు ఫేజులైతే 400 పైచిలుకు రావాలి కదా, సున్నా ఎందుకొచ్చిందని అడిగి ఊరుకోండి. కాసేపు గొణుగుడు ఉంటుంది. ఆ తర్వాత బల్బు స్విచ్ ఆపి మళ్లీ టెస్టర్ పెట్టమనండి. ఈసారి ఒక బెజ్జంలోనే వెలుగుతుంది. అప్పుడు ఎవరో ఒకరు వెనక బెంచీ నుంచి లేస్తారు: 'సార్, బల్బు గుండా వెనక్కొస్తున్న ఫేజే అది!' ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు లేచారు. ఎక్కువసార్లు పుస్తకంలో వెనకబడ్డ పిల్లలే లేచారు.

రెండో ఫాల్ట్, స్విచ్‌ని ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో పెట్టడం. స్విచ్ ఆపితే బల్బు ఆరుతుంది, అంతా సవ్యంగానే కనిపిస్తుంది. హోల్డర్లో టెస్టర్ పెడితే వెలుగుతుంది. బల్బు మార్చబోయి షాక్ కొట్టించుకున్నవాళ్ల కథలు పిల్లలే చెప్పడం మొదలుపెడతారు. స్విచ్ ఆపినా ఎల్ఈడీ బల్బు రాత్రంతా సన్నగా మిణుకుతుంటుందని ఒకడు అంటాడు. దానికి ఇదొక కారణం, స్విచ్‌లో ఉండే ఇండికేటర్ మరో కారణం. ఏది కారణమో ఇంటికెళ్లి పెద్దవాళ్ల ఎదుట చూసి రమ్మనండి. అది మంచి హోంవర్క్.

మూడో ఫాల్ట్ నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం: సాకెట్‌కి ఎర్తు వైరు లేకపోవడం. దీన్ని చూసి ఎవరూ కనిపెట్టలేరు, ఎందుకంటే అన్నీ పనిచేస్తూనే ఉంటాయి. బల్బు వెలుగుతుంది, బెల్ మోగుతుంది, టెస్టర్ సరైన బెజ్జంలోనే వెలుగుతుంది. 'ఫాల్ట్ లేదు సార్' అని రాసిచ్చేస్తారు. అప్పుడు 60 వాట్ల టెస్ట్ ల్యాంపు తీసుకుని ఫేజుకీ ఎర్తుకీ మధ్య మీరే పెట్టి చూపండి. ఎర్తు బాగుంటే, కరెంటు భూమిలోకి కారగానే సప్లై తెంపడానికి బోర్డు ముందున్న ఆర్‌సీసీబీ ఠక్కున పడిపోతుంది. 30 మిల్లీఆంపియర్లకే పడేది అది, ల్యాంపు గుండా పోయేది 260. పడలేదంటే ఎర్తు లేనట్టే. పనిచేస్తోంది కాబట్టి బాగున్నట్టు కాదని పిల్లలకు అక్కడ తడుతుంది. మా ఊళ్లలో గ్రైండర్ ముట్టుకుని, ఇనప కూలరు ముట్టుకుని పోయిన ప్రాణాల వెనక ఎక్కువగా ఉన్నది ఈ లేని ఎర్తు వైరే.

ఈ బోర్డు 230 వోల్టులతో నడుస్తుంది కాబట్టి కొన్ని పట్టింపులు ఉన్నాయి, వీటిలో దేనికీ మినహాయింపు ఇవ్వకండి. బోర్డుకి ముందు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాల్సిందే. అయితే ఒక చేయి ఫేజు మీద, ఇంకో చేయి న్యూట్రల్ మీద పడితే అది కాపాడదు. మనిషిని కూడా ఒక బల్బులాగే అనుకుంటుంది. ఈ మాట పిల్లలకు మొదటిరోజే చెప్పండి. బోర్డు దగ్గరికి ఒక్కసారి ఇద్దరే రావాలి, మీరు పక్కనే నిలబడాలి. విప్పే పని ఏదైనా సప్లై తీశాకే. తీశాక కూడా టెస్టర్ పెట్టి చూడాలి. ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందు కరెంటున్న చోట చూసుకోవాలి. చచ్చిపోయిన టెస్టర్ ప్రతి వైరునీ సేఫ్ అనే చెబుతుంది.

మొదటి ఆరు నెలల ప్రాక్టికల్ పనులకు, అంటే వైరింగ్ జాబ్స్‌కి నేను 230 వోల్టులు ఇవ్వను. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 24 వోల్టుల మీద చేయిస్తాను. లారీలకు వాడే బల్బులు 24 వోల్టులవే, వాటి హోల్డర్లతో సహా ఆటో ఎలక్ట్రికల్ షాపులో చవగ్గా దొరుకుతాయి. మెట్ల వైరింగు, గోడౌన్ వైరింగు, టన్నెల్ వైరింగు, హాస్పిటల్ వైరింగు, అన్నీ దానిమీద చక్కగా వస్తాయి. చేయి వణకదు, తప్పు చేస్తే బల్బు వెలగదు, అంతే. 24 వోల్టుల మీద నియాన్ టెస్టర్ వెలగదు కాబట్టి మల్టీమీటరు వాడకం కూడా తొందరగా అలవాటవుతుంది. తర్వాత 230కి మారినప్పుడు ప్రతి జాబ్‌నీ ముందు సిరీస్ బోర్డు (సప్లైకి వరసలో ఒక బల్బు పెట్టిన బోర్డు) మీద పెట్టండి. షార్టుంటే సిరీస్ బల్బు నిండుగా వెలుగుతుంది. ఫ్యూజు పోదు, వైరు కాలదు, పిల్లాడు బెదరడు.

ఓమ్ నియమానికి నా దగ్గరున్న సామగ్రి ఒక్క పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బు. ముందు లెక్క చేయిస్తాను: 230ని 230తో గుణించి 100తో భాగిస్తే 529 ఓమ్‌లు. అందరి నోట్‌బుక్కుల్లోనూ అదే వస్తుంది. తర్వాత బల్బు చేతికిచ్చి మీటరుతో కొలవమంటాను. 40 ఓమ్‌ల చుట్టుపక్కల చూపిస్తుంది. పుస్తకం తప్పా, మీటరు తప్పా? మీటరు పాడైందనేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే. ఇంకో మీటరు ఇస్తాను. అదీ అంతే. అప్పుడు బల్బు వెలిగించి, ఆమ్మీటరు సిరీస్‌లో, వోల్ట్‌మీటరు పారలల్‌లో పెట్టి రీడింగులు తీయిస్తాను. 0.43 ఆంపియర్లు వస్తుంది, భాగిస్తే 529 దగ్గరికే చేరుతుంది. ఫిలమెంటు వేడెక్కితే నిరోధం పెరుగుతుందన్న ముక్క నేను చెప్పక్కర్లేదు, వాళ్లే చెబుతారు. బల్బులు ఎక్కువగా స్విచ్ వేసిన క్షణంలోనే ఎందుకు పోతాయో కూడా అదే గంటలో తేలిపోతుంది. ఫిలమెంటు బల్బులు దుకాణాల్లో తగ్గిపోతున్నాయి, కనబడినప్పుడు ఒక డజను కొని దాచుకోండి.

పనిచేయని మోటార్లు ఉన్నాయని బాధపడ్డారు. నిజానికి అవే మీకు ఎక్కువ పనికొస్తాయి. మీ ఊళ్లో మోటారు వైండింగ్ షాపుకి వెళ్లి, కాలిపోయిన సీలింగ్ ఫ్యాన్లు, ఇక బాగుపడని మోనోబ్లాక్ మోటారు ఉంటే అడగండి. పాత ఇనుము రేటుకి ఇస్తారు, పిల్లల కోసమంటే కొన్నిసార్లు ఊరికే ఇస్తారు. ఆ షాపు యజమాని ఐటీఐ చదివినవాడైతే మీ పని ఇంకా సులువు. ఒక స్టేటర్‌ని (మోటారులో తిరగని భాగాన్ని) హాక్సాతో సగం కోయించి టేబుల్ మీద పెట్టండి. స్లాట్లో కాయిల్ ఎలా కూర్చుంటుందో, కాగితం ఎక్కడ చినిగితే బాడీ షార్ట్ అవుతుందో వేలితో తడిమి తెలుసుకోవాలి. ఎంత పెద్ద చార్టు తగిలించినా ఆ వేలికి తెలిసినంత కంటికి తెలియదు.

సీలింగ్ ఫ్యాను ఒక్కటి బాగున్నది కూడా ఉంచుకోండి. రెక్కలు తీసేసి, షాఫ్టును బెంచి వైస్‌లో బిగించి, కెపాసిటర్ వైరు విప్పి సప్లై ఇవ్వండి. ఫ్యాను మూలుగుతుంది, తిరగదు. బాడీని చేత్తో కాస్త కుడికి తిప్పి వదలండి, కుడికే మెల్లగా తిరుగుతూ పోతుంది. ఆపి ఎడమకు తిప్పి వదలండి, ఎడమకు పోతుంది. సింగిల్ ఫేజ్ మోటారు దానంతటది ఎందుకు మొదలవదన్న పాఠానికి నేను అరగంట మాట్లాడేవాణ్ని, ఇప్పుడు ఐదు నిమిషాలు చాలు. సప్లై తీసి 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ మళ్లీ కలిపి ఇచ్చినప్పుడు అది ఠీవిగా ఒకే దిక్కుకి లేస్తుంటే పిల్లల మొహాలు చూడండి. తర్వాతి సోమవారం నలుగురైదుగురు ఇంట్లో మెల్లగా తిరిగే ఫ్యాన్ల గురించి మాట్లాడతారు. ఒకళ్లిద్దరు కెపాసిటర్ మార్చేసి వస్తారు.

ఫోన్లు పక్కన పెట్టమని నేనెప్పుడూ అనను. ఊళ్లో పొలం మోటార్లు, పిండిమిల్లు మోటార్లు, రైస్‌మిల్లు మోటార్ల నేమ్‌ప్లేట్ల ఫొటోలు తీసి తెమ్మంటాను. నా దగ్గర ఇప్పుడు వందలకొద్దీ ఉన్నాయి, వర్క్‌షాప్ క్యాలిక్యులేషన్ క్లాసుకి నా పుస్తకం అదే. 5 హెచ్‌పీ మోటారు తీసుకోండి. ప్లేటు మీద 3.7 కిలోవాట్లు, 415 వోల్టులు, 7.5 ఆంపియర్లు, 1440 ఆర్‌పీఎమ్ అని ఉంటుంది. 50 హెర్ట్జ్‌కి నాలుగు పోల్స్ అయితే 1500 రావాలి, 1440 ఏమిటి? ఆ వెనకబాటే స్లిప్, నాలుగు శాతం. లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది.

ఇక మన ఊళ్లకే చెందిన లెక్క ఒకటి. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద పది 5 హెచ్‌పీ మోటార్లు ఉన్నాయనుకోండి. పదీ నడుస్తుంటే 75 ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మర్ 84 ఆంపియర్ల దాకా మోయగలదు, ఇబ్బంది లేదు. కరెంటు పోయి మళ్లీ వచ్చిందనుకోండి. అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకుని ఉన్నారు. స్టార్టింగ్‌లో ఒక్కో మోటారు ఆరు రెట్లు లాగుతుంది, అంటే 45 ఆంపియర్లు. పదీ ఒకే క్షణంలో లేస్తే 450. ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం మీదుండే డీఓ ఫ్యూజు ఎందుకు ఎగురుతోందో, ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు కాలుతోందో, ఆటో స్టార్టర్లు తీసేయమని లైన్‌మన్ ఎందుకు బతిమాలతాడో పిల్లాడికి తన పొలం లెక్కలోనే కనబడుతుంది. మా క్లాసులో రైతుబిడ్డలు ఈ లెక్క ఇంట్లో నాన్నకి చేసి చూపించారు. స్టార్టర్ పక్కన కెపాసిటర్ ఎందుకు పెట్టమంటారో, పవర్ ఫ్యాక్టర్ పాఠం కూడా ఇదే మోటారు మీద చెప్పండి. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ కెపాసిటర్. పెట్టకముందు, పెట్టాక లైన్ కరెంటుని క్లాంప్ మీటరుతో కొలిపించండి. తగ్గిన ఆంపియర్లు కంటికి కనబడాలి.

భాష గురించి మీరు అడగలేదు కానీ, నిద్రకు సగం కారణం అదే. గోడ మీద మూడు వరసల చార్టు ఒకటి రాయించండి. మొదటి వరసలో నేమ్‌ప్లేటు మీదా పుస్తకంలోనూ ఉండే మాట, రెండో వరసలో పదో తరగతిలో చదివిన మాట, మూడో వరసలో ఊళ్లో మనవాళ్లనే మాట. రెసిస్టెన్స్, నిరోధం. ఇన్సులేటర్, అవాహకం. సింగిల్ ఫేజింగ్‌కి రెండో వరస ఖాళీ, మూడో వరసలో 'ఒక ఫేజు పోయింది'. న్యూట్రల్‌ని చాలా ఊళ్లలో 'రిటర్న్' అంటారు, అదీ రాయండి. మీరు రాయకండి, పిల్లలతో రాయించండి. శ్రీకాకుళం పిల్లాడి మాట, పాలమూరు పిల్లాడి మాట వేరుగా ఉంటే రెండూ ఉండాలి. మూడో వరస ఉన్నచోట వాడికి సిగ్గు పోతుంది, నోరు తెరుస్తాడు. మొదటి వరస తెలిస్తే రేపు ఏ కంపెనీలోనైనా ప్యానెల్ చదవగలడు. రెండూ కావాలి.

జాబ్ షీట్లు కూడా మీరే తయారుచేసుకోండి. ఒక్క పేజీ మించకూడదు. పైన బొమ్మ, కింద పనిముట్లు, తర్వాత చేయాల్సిన వరస. ఆ వరసలో ఒకటి రెండు మెట్లు కావాలనే ఖాళీగా వదలండి, పిల్లాడు నింపాలి. చివర రీడింగులకు గడులు, 'ఎలా ఉంటే సరి' అన్న ఒక్క వాక్యం. మారీడ్ జాయింటుకి (రెండు వైర్ల పోగులను అల్లి కలిపేదానికి) నేను రాసే వాక్యం ఇది: రెండు చేతులతో గట్టిగా లాగినా జరగకూడదు, ఒక్క పోగు కూడా బయటికి పొడుచుకు రాకూడదు. మార్కులు వేసేటప్పుడు ఇంకో కొలత అక్కర్లేదు, ముందు వాడే లాగి చూసుకుంటాడు. వైరు కొరత ఉంటే జాయింట్లన్నీ పాత వైరు ముక్కల మీద చేయించి, కొత్త వైరు హౌస్ వైరింగ్‌కి దాచండి.

ఇప్పుడు పుస్తకాలు. మన ట్రేడ్‌కి ఆధారం నిమి పుస్తకాలే. చెన్నై గిండీలో 1986లో జర్మనీ సాయంతో పెట్టిన సంస్థ అది, ఐటీఐ ట్రేడ్లకు పుస్తకాలు తయారుచేయడమే దాని పని. ట్రేడ్ థియరీ, ట్రేడ్ ప్రాక్టికల్ రెండూ విడివిడిగా ఉంటాయి. థియరీ పుస్తకాన్ని వరసగా చదివించకండి. ప్రాక్టికల్ పుస్తకంలోని ఎక్సర్‌సైజు నంబరు పట్టుకుని, దానికి కావాల్సిన థియరీ పేజీలకు వెళ్లండి. భారత్ స్కిల్స్ పోర్టల్‌లో సిలబస్, క్వశ్చన్ బ్యాంకులు, వీడియోలు ఉచితంగా ఉన్నాయి. పరీక్ష కంప్యూటర్ మీద రాయాలి కాబట్టి ఆఖరి రెండు నెలలు వారానికోసారి మాక్ టెస్ట్ పెట్టండి. అంతకంటే ముందు పెడితే పిల్లలు జవాబులు బట్టీపట్టి పని మానేస్తారు. వీడియో అయితే నాలుగు నిమిషాలు దాటనివ్వను. అదీ క్లాసులో చూపలేనివాటికే: సబ్‌స్టేషన్ లోపల, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ విప్పడం, ఆర్క్ ఫ్లాష్. చేత్తో చేయగలిగినదాన్ని తెరమీద చూపడం నాకు నచ్చదు.

మీకు ఇన్‌స్ట్రక్టర్లకిచ్చే శిక్షణ కోర్సు సీఐటీఎస్ లేకపోతే వీలైనంత త్వరగా చేయండి. హైదరాబాద్ విద్యానగర్‌లోని కేంద్ర శిక్షణ సంస్థ ఎన్ఎస్‌టీఐలో ఉంది. ప్రిపరేషన్, ప్రజెంటేషన్, అప్లికేషన్, టెస్ట్ అనే నాలుగు మెట్ల పాఠం వాళ్లు బాగా అలవాటు చేస్తారు. నేను పైన చెప్పినదంతా ఆ మొదటి మెట్టులో వస్తువు పెట్టడమే. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది, కొత్త యంత్రాలు వస్తున్నాయి, సంతోషం. మీ దగ్గరికీ వస్తే వాటిని పాలిథీన్ కవరు కింద ఉంచకండి. నేను చేరిన మొదటి సంస్థలో కొత్త మోటారు జనరేటర్ సెట్ ఇన్‌స్పెక్షన్‌కి శుభ్రంగా కనబడాలని ఐదేళ్లు గుడ్డ కప్పి ఉంచారు. మూడు బ్యాచ్‌ల పిల్లలు దాన్ని తిప్పకుండానే వెళ్లిపోయారు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు కష్టంగా ఉంటుంది.

ఇవన్నీ ఒక్కసారి చేయబోకండి, అలసిపోతారు. ఈ నెల ఫ్యానూ, 100 వాట్ల బల్బూ. నేమ్‌ప్లేటు ఫొటోలు ఎలాగూ ఖర్చులేనివి, రేపే చెప్పండి. ఫాల్ట్ బోర్డు దసరా సెలవుల్లోపు కట్టండి, కడుతున్నప్పుడు ముందు వైపు వైరింగ్ పిల్లలతోనే చేయించండి. వెనక వైపు మాత్రం వాళ్లు ఇంటికెళ్లాక మీరొక్కరే కూర్చుని చేయండి. ఏ స్విచ్‌కి ఏ ఫాల్టో ఒక కాగితం మీద రాసి తలుపు లోపల అంటించుకోండి. రెండో ఏడాదికి మీరే మర్చిపోతారు, నేను మర్చిపోయి ఒక పూటంతా వెతికాను.